యాభై కేసులు, నూటికి తొంభై ఆరు

తమ్ముడూ, సర్జరీలో పీజీ సీటు వచ్చిందట, సంతోషం. థీసిస్‌కి టాపిక్ దొరకలేదని మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావట, ఆ బెంగ అక్కర్లేదు. మన ఓపీ బయట బెంచీ దగ్గరికి వెళ్లు. లుంగీ మోకాలి దాకా ఎత్తి, పిక్క మీద వానపాముల్లా తేలిన నరాలను పక్కాయనకు చూపిస్తూ ఒకాయన కూర్చుని ఉంటాడు. అదే నీ టాపిక్. వెరికోస్ వెయిన్స్. మీ గైడ్ దాని మీదే చేశాడు, ఆయన గైడూ దాని మీదే చేశాడు. లైబ్రరీలో పాత బైండు ఒకటి దించి కవరు మీద సంవత్సరం మారిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి నా సలహాలున్నాయి. పాతికేళ్లుగా నా చేతుల మీదుగా వెళ్లిన థీసిసుల్లో ఒక్కటీ ఫెయిలవలేదు. వాటివల్ల ఎవరి కాలైనా బాగుపడిందా అని అడగకు, యూనివర్సిటీ వాళ్లే అడగలేదు.

ముందు రివ్యూ ఆఫ్ లిటరేచర్. ఇది ఎంత లావుంటే ఎగ్జామినర్ అంత తొందరగా పేజీలు తిప్పేస్తాడు. సిరల లోపల చిన్న తలుపులున్నాయని ఇటలీలో ఫాబ్రిషియస్ 1603లో పుస్తకం వేశాడు. ఆ తలుపులు రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని ఆయన దగ్గర చదువుకున్న హార్వే 1628లో తేల్చాడు. పాదం దాకా దిగిన రక్తం మళ్లీ పైకెక్కాలంటే నడిచేటప్పుడు పిక్క కండరం దాన్ని పిండాలి, పిండిన రక్తం జారిపోకుండా ఈ తలుపులు మూసుకోవాలి. తలుపు చెడితే రక్తం కిందికి జారి నిలుస్తుంది, చర్మం నల్లబడుతుంది, చీలమండ పైన పుండు పడుతుంది. కండక్టరు, కానిస్టేబులు, మంగలి షాపాయన, టీచరమ్మ, పొద్దున్నుంచీ నిలబడే వాళ్లంతా మన బెంచీ మీదికి రావడం అందుకే. ఇదంతా రాయి. కానీ ఆ పుస్తకాలేవీ చదవకు, పక్క థీసిస్‌లో తప్పుతో సహా సిద్ధంగా ఉంటాయి.

పెర్తెస్ పేరు దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఎంబీబీఎస్‌లో పెర్తెస్ టెస్ట్ అని బట్టీ పట్టావు కదా, ఆయనే. జర్మనీలో ట్రెండిలెన్‌బర్గ్ అనే పెద్దాయన తొడలో సిర కట్టేసే ఆపరేషన్ ప్రచారంలోకి తెచ్చాడు. శిష్యుడైన ఈ పెర్తెస్ గురువుగారికి దండం పెట్టి ఊరుకోకుండా, ఆ ఆపరేషన్ ఫలితాల మీద 1895లో ఏకంగా వ్యాసమే రాశాడు. గురువు కోసిన కాళ్లు తర్వాత ఏమయ్యాయో శిష్యుడు లెక్క చూడటమనే దురలవాటు అక్కడ మొదలైంది. నువ్వు ఆయన టెస్టు నేర్చుకుంటే చాలు, బుద్ధులు వద్దు.

ఇక కేసులు ఏరుకోవడం. సీప్ అని ఒక వర్గీకరణ ఉంది, 1994లో పెట్టారు, సున్నా నుంచి ఆరు దాకా మెట్లు. ఒకటంటే సాలీడు గూడులాంటి సన్న గీతలు, రెండు ఉబ్బిన నరాలు, మూడు వాపు, నాలుగు రంగు మారిన చర్మం, అయిదు మానిన పుండు, ఆరు మానని పుండు. దీన్ని తెలివిగా వాడుకోవాలి. మీ యూనిట్ ఛీఫ్‌కి కొత్త లేజర్ మిషన్ మీద మక్కువ ఉంటే, రెండో మెట్టు కుర్రవాళ్లందరినీ లేజర్ వైపు తోయి. ఆరో మెట్టులో ఉన్న, షుగరున్న, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లను పాత ఆపరేషన్‌కి వదిలెయ్. ఆర్నెల్లకు లేజర్ ఎలా గెలవదో నేనూ చూస్తాను. చీటీలు తీసి ఎవరికి ఏది వస్తే అది చేయడం, ఆ చీటీ ముందుగా ఎవరికీ తెలియకుండా కవర్లో దాచడం, ఇవన్నీ రోగుల మీద నమ్మకం లేనివాళ్ల పనులు. మన చేతికి మంచి కేసు ఏదో ఆ మాత్రం తెలియదా?

ఎవరిని తీసుకోలేదో రాయడం కూడా అనవసరం. బ్రిటన్‌లో ఎవ్రా అని ఒక ట్రయల్ జరిగింది, 2018లో వచ్చింది. పుండున్న రోగికి చెడిన సిరను వెంటనే మూసెయ్యాలా, పుండు మానేదాకా ఆగాలా అన్నది వాళ్ల ప్రశ్న. ఇరవై ఆస్పత్రులు కలిసి 450 మందిని తీసుకోవడానికి 6,500 మందికి పైగా చూశారు. మిగతావాళ్లను ఎందుకు వదిలారో కూడా లెక్క కట్టి ప్రింటు చేశారు. వెంటనే మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, ఆగినవాళ్లలో సగానికి 82 రోజులు పట్టింది. సరే, బాగానే ఉంది. కానీ ఆ ఆరు వేల మంది గోల మనకెందుకు? మన థీసిస్‌లో ఒకే వాక్యం ఉంటుంది: యాభై మందిని అధ్యయనంలో చేర్చుకున్నాము.

యాభై కూడా దొరకలేదా? మనిషికి రెండు కాళ్లున్నాయి కదా. ముప్పై నలుగురు రోగులు, యాభై కాళ్లు. టేబుల్లో పేషెంట్లు అని ఉన్నచోట లింబులు అని కొట్టు. ఒకే మనిషి, ఒకే బరువు, ఒకే ఉద్యోగం, ఒకే వంశం మోస్తున్న రెండు కాళ్లు ఒకదానితో ఒకటి పరిచయం లేని ఇద్దరు మనుషుల్లా లెక్కలోకి వస్తాయి. స్టాటిస్టిక్స్ చూసేవాడు ప్రశ్నిస్తాడని భయపడకు. నువ్వు పంపే ఎక్సెల్ షీట్‌లో కాళ్లే ఉంటాయి, మనుషులుండరు.

ఇక ప్రశ్నావళి. రోగి ఏమనుకుంటున్నాడో అడగాలని ఇప్పుడు ఫ్యాషన్ వచ్చింది. ఈ జబ్బుకు ఎబర్డీన్ ప్రశ్నావళి అని ఒకటి ఉంది, పదమూడు ప్రశ్నలు. కాళ్ల బొమ్మ ఇచ్చి, నీ నరాలు ఎక్కడెక్కడ ఉబ్బాయో నువ్వే గీయమంటుంది. దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఫోనుకు అప్పగించి నువ్వు టీ తాగిరా. వెయిన్ అంటే అది ‘సిర’ అని రాస్తుంది. మన రోగి అది చూసి, పెన్నులో పోసే సిరా తన కాల్లోకి ఎందుకు వచ్చిందని ఆలోచిస్తాడు. అది బాగాలేదని నువ్వు ‘నరాలు’ అని దిద్దితే ఇంకా మేలు. మన ఊళ్లలో సూది గుచ్చడానికి దొరకనిదీ నరమే, మెడ పట్టేసినప్పుడు బిగిసిందీ నరమే, తిమ్మిరెక్కిందీ నరమే. నరాల డాక్టరంటే మెదడు డాక్టరు. పైగా బస్టాండు గోడ మీద రాసే ‘నరాల బలహీనత’ అంటే ఏమిటో అందరికీ తెలుసు, పైకెవరూ అనరు. నలభై ఏళ్ల మనిషిని భార్య పక్కనుండగా ‘మీ నరాల సమస్య మీ సంసార జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోంది?’ అని అడిగి చూడు. లేదు, లేదు, అసలేం లేదు అంటాడు. నీకు సున్నా మార్కు వస్తుంది, జబ్బు నయమైనట్టు లెక్క. తెలుగులోకి మార్చినదాన్ని వేరొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకోవడం, పదిమంది రోగులకు చదివి వినిపించి వాళ్లకు ఏమర్థమైందో అడగడం, అదంతా నెలరోజుల చాకిరీ.

పోల్చి చూసే గుంపు పెట్టుకోకపోతే మరీ హాయి. కాల్లో లోతు సిరకు గడ్డ కట్టినవాళ్లకు తర్వాత్తర్వాత వాపు, నొప్పి, నలుపు రాకుండా బిగుతు మేజోళ్లు తొడగమని దశాబ్దాలుగా చెబుతున్నాం. 1997లో ఒకటి, 2004లో ఒకటి, రెండు చిన్న ట్రయళ్లు ఆ బాధ సగానికి తగ్గుతుందన్నాయి. వాటిలో మేజోళ్లు ఉన్నవాళ్లు, లేనివాళ్లు అంతే, కాబట్టి ఎవరికి ఏమిచ్చారో అందరికీ తెలుసు. తర్వాత కెనడా, అమెరికా వాళ్లకు ఒక పాడుబుద్ధి పుట్టింది. సాక్స్ అనే ట్రయల్లో 806 మందిని తీసుకుని, సగం మందికి అసలు మేజోళ్లు, సగం మందికి చూడటానికి అలాగే ఉండి బిగుతు లేని ఉత్తుత్తి మేజోళ్లు ఇచ్చారు. 2014లో లెక్క వచ్చింది. రెండేళ్లకు అసలు మేజోళ్లవాళ్లలో 14.2 శాతం మందికి, ఉత్తుత్తివాళ్లలో 12.7 శాతం మందికి ఆ బాధ వచ్చింది. అంటే తేడా లేదు. అందులోనూ రెండేళ్ల నాటికి వారానికి మూడు రోజులైనా తొడిగినవాళ్లు సగానికి కాస్త పైనేనట. దాన్ని పట్టుకుని జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారు. (పుండు మీద కట్టే గట్టి కట్టు సంగతి వేరు. అక్కడ ఒత్తిడి పనిచేస్తుంది. ఆ రెండూ కలిపేసి రోగి చేత కట్టు విప్పించేవు, నా పేరు చెప్పకు.) నీ థీసిస్‌కి ఇలాంటి తలనొప్పి రాకూడదంటే ఉత్తుత్తి మేజోళ్ల జోలికి పోవద్దు. మన మే నెల ఎండలో అసలువే ఎవరూ తొడగరు.

సీటీఆర్ఐ అని కేంద్రం వాళ్ల రిజిస్ట్రీ ఒకటి 2007 నుంచీ ఉంది. ట్రయల్ మొదలుపెట్టక ముందే దేన్ని కొలుస్తావో అక్కడ రాసిపెట్టాలి. ఫీజు లేదు. మొదట్లో పని అయ్యాక కూడా రాయనిచ్చేవాళ్లు, 2018 ఏప్రిల్ నుంచి అదీ మూసేశారు. దీనికి దూరంగా ఉండు. ముందే రాసిపెడితే, నొప్పి తగ్గలేదని తేలిన రోజున నొప్పిని తీసేసి ‘ఆస్పత్రిలో ఉన్న రోజులు’ అని పెట్టుకోవడానికి వీలుండదు. అన్నీ కొలువు. నొప్పి, వాపు, మచ్చ, ఖర్చు, పనికి తిరిగి వెళ్లిన రోజు, ఇరవై కొలతలు. ఏ తేడా లేకపోయినా ఇరవైలో ఒకటి ఉత్త అదృష్టం కొద్దీ పి వాల్యూ 0.05 కిందికి జారుతుంది. దాన్నే పైకెత్తి కంక్లూజన్‌లో మొదటి వాక్యంగా పెట్టు.

అసలు విద్యంతా ఫాలో అప్‌లో ఉంది.

తొందరగా ఆపేయడమే ఇందులో కిటుకు. బ్రిటన్‌లోనే ఎస్చార్ అని ఇంకో ట్రయల్, 500 మంది. కొందరికి కాలికి గట్టి కట్టు మాత్రమే. కొందరికి కట్టుతోపాటు చెడిన పైసిరకు ఆపరేషన్. 24 వారాలకు పుండు మానింది అటు నూటికి 65 మందికి, ఇటూ 65 మందికి. మనమైతే అక్కడే బైండింగ్‌కి ఇచ్చేవాళ్లం, ఆపరేషన్ దండగ అని తీర్పు కూడా రాసేవాళ్లం. ఆ మొండివాళ్లు ఆగలేదు. ఏడాదికి చూస్తే, ఉత్త కట్టువాళ్లలో మళ్లీ పుండు పడింది 28 శాతం మందికి, ఆపరేషన్ కూడా అయినవాళ్లలో 12 శాతానికి. నాలుగేళ్లకు 56, 31. తేడా అంతా మనం దుకాణం కట్టేశాకే బయటపడిందన్నమాట. లేజర్, నురుగు మందు, ఆపరేషన్, ఈ మూడింటినీ పోల్చిన క్లాస్ ట్రయల్ వాళ్లయితే 798 మందిని మొదలెట్టి, అయిదేళ్ల తర్వాత 595 మందిని వెతికి పట్టుకున్నారు. మిగతా నాలుగో వంతు దొరకలేదని అచ్చులో ఒప్పుకున్నారు కూడా. ఎంత అమాయకత్వం!

నీకు అయిదారు నెలలు చాలు. అయిదు నెలల మహిమ తెలియాలంటే మాకియారినీ అనే సర్జన్ కథ విను. 2011 జూన్‌లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా ఆస్పత్రిలో ఆయన ఒక రోగికి ప్లాస్టిక్ గాలిగొట్టం మీద మూలకణాలు చల్లి అమర్చాడు. అయిదు నెలలకు రోగికి పెద్ద ఇబ్బందులేవీ లేవని లాన్సెట్‌లో వచ్చింది. లోకమంతా చప్పట్లు. ఆ రోగి 2014 జనవరిలో చనిపోయాడు. కరోలిన్స్కాలో అలా అమర్చిన ముగ్గురిలో ఎవరూ మిగల్లేదు. లాన్సెట్ ఆ వ్యాసాన్ని 2018లో వెనక్కి తీసుకుంది, 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలు వేసింది. దీన్నుంచి నువ్వు నేర్చుకోవాల్సింది: గాలిగొట్టాల జోలికి పోకు, కాళ్ల నరాలే మేలు. మెల్లగా చెడతాయి, మనిషి చావడు, కోర్టు దాకా ఎవరూ రారు. నీ అయిదు నెలలు అయిదు నెలల్లాగే పదిలంగా ఉంటాయి.

ఇక తిరిగి రాని రోగులు. వీళ్లు బంగారం. ఆర్నెల్ల ఫాలో అప్‌కి రాలేదంటే అర్థమేమిటి? బాగుందనే కదా! బాధ ఉంటే వచ్చేవాడు కదా! మాస్టర్ చార్టులో ఆ గడిలో ‘రికరెన్స్ లేదు’ అని కొట్టు. ఇది నేను కనిపెట్టింది కాదు, నాకు మా సీనియర్ చెప్పాడు. ఫోన్లు చేయడం, కార్డు రాయడం, ఏఎన్ఎమ్‌ని అడగడం, ఇవి పల్స్ పోలియో వాళ్ల పనులు.

ఈ చిట్కాతోనే నా దగ్గర ఒక పీజీ బ్రహ్మాండంగా బయటపడ్డాడు. యాభై కేసులు, ఇద్దరికి మాత్రమే మళ్లీ వచ్చింది, ఫలితం నూటికి 96. వైవాలో ఎగ్జామినర్ వెన్ను తట్టాడు. గైడ్‌గా సంతకం నాదే. ఆ యాభైలో ఆర్నెల్లకు నిజంగా మా కళ్లకు కనిపించింది 31 మంది. వాళ్లలో ఇద్దరికి తిరగబెట్టింది, 29 మంది బాగున్నారు. మిగతా 19 మంది ఏమయ్యారో దేవుడికెరుక. అంటే మా ఫలితం 58 శాతానికీ 96కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మేం 96 దగ్గర ఆగాం.

కిందటి ఏడాది బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో పెసరట్టు తింటున్నాను. పెనం దగ్గర మాస్టర్ నన్ను చూసి అట్లకాడ పక్కన పెట్టి వచ్చాడు.

‘సార్, మీరే కదండీ నా కాలు చేసింది.’

గుర్తు లేదని మొహమాటంగా నవ్వాను. ఆయన ప్యాంటు అంచు పైకి లాగాడు. చీలమండ పైన పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది, తడి పైకి ఊరింది.

‘మానిందనుకున్నామండీ. ఎనిమిది నెలలకి మళ్లీ మొదలెట్టింది.’

‘మరి చూపించుకోడానికి రాలేదేం?’

‘వచ్చానండీ, ఆర్నెల్లకి రమ్మన్నారు కదా అని. మంగళవారం వచ్చాను. మీ యూనిట్ ఓపీ గురువారం, ఆ రోజు రండి అన్నారు. ఇంకోరోజు మానేస్తే ఓనరు కూలి కోస్తాడండీ. ఇంక రాలేదు.’

ఆస్పత్రికి వెళ్లి పాత మాస్టర్ చార్ట్ తీశాను. సీరియల్ నంబరు 37. వయసు 41, వృత్తి హోటల్ పని, సీప్ ఆరు. ఆర్నెల్లకు: రికరెన్స్ లేదు. మా మనిషే ఆయన్ని గుమ్మం దగ్గర వెనక్కి పంపాడు, మేమే ఆయన్ని బాగున్నవాళ్లలో రాసుకున్నాం. ఆ 96ని ఆ తర్వాత ఇద్దరు పీజీలు తమ రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో ఎత్తి రాసుకున్నారు.

కాబట్టి తమ్ముడూ, పైన చెప్పినవన్నీ తుచ తప్పకుండా పాటించు, డిగ్రీ ఖాయం. పాత కేస్ షీట్లు మాత్రం రికార్డు రూమ్‌లో కింది అరలోనే ఉన్నాయి, ఇంకా చెదలు పట్టలేదు. 37వ నంబరు షీట్ మొదటి పేజీలో ఆయన ఫోన్ నంబరుంది. మళ్లీ హోటల్‌కి వెళ్లి ఆయన ఎదురుగానే కలిపి చూశాను, ఆయన జేబులోంచి మోగింది. తొమ్మిదేళ్లుగా అదే నంబరట.